నీళ్ళు రావని ముందే చెప్పేవాళ్ళు కావాలి

పోయిన నెలలో నెల్లూరులోని ఒక ఇంజనీరింగు కళాశాలవారు, నీటి వనరుల నిర్వహణ అనే ఉద్యోగం ఎలా ఉంటుందో సివిల్ మూడో సంవత్సరం పిల్లలకు చెప్పమని పిలిస్తే వెళ్ళాను. గంటసేపు మాట్లాడాక వెనుక వరుసలోని ఒక అమ్మాయి లేచి, “మేడం, ఈ పంతొమ్మిదేళ్ళలో మీరు చేసిన పనుల్లో రైతుకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఏది?” అని అడిగింది. నేను తడుముకోకుండా ఒక కాలువ ఆధునికీకరణ గురించి, లైనింగు వేశాక తగ్గిన ఊటనష్టం గురించి చెప్పాను. పిల్లలు రాసుకున్నారు. సాయంత్రం బస్సులో కోవూరు వైపు పెన్న వంతెన దాటుతూ, ఇసుక మేటల మధ్య సన్నగా సాగుతున్న నీటిపాయను చూస్తున్నప్పుడు, ఆ అమ్మాయికి నేను చెప్పింది నిజమైన జవాబు కాదని తోచింది.

నేను చేసిన పనుల్లో రైతుకు బాగా పనికొచ్చింది ఒక అక్టోబరులో చెప్పిన ఒక్క మాట. ఒక కాలువ చివరి తూము దగ్గర నిలబడి, దాని కింద నూట ఇరవై ఎకరాలు సాగుచేసే రైతులతో “ఈ కారుకు మీకు వరికి నీళ్ళు రావు” అన్నాను. (కారు అంటే పంటకాలం.) ఆ ఏడు అక్కడ ఒకరిద్దరు తప్ప ఎవరూ నారు పోయలేదు. మినుము, పెసర చల్లారు. పెద్దగా మిగలలేదు కానీ, నారుమడికి, దమ్ముకు, ఎరువుకు పెట్టుబడి పెట్టి మునిగినవాళ్ళు లేరు. ఆ మాట కింద నా పేరు పెట్టి చెప్పడానికి నాకు పన్నెండేళ్ళ ఉద్యోగం పట్టింది.

మా వృత్తిలో ఉన్నవాళ్ళు ప్రజలకు చేయగలిగిన మేలులో అతి పెద్దది, నీళ్ళు చేరవని తెలిసినచోట చేరవని, విత్తనం నానబెట్టకముందే, సంతకం పెట్టి చెప్పడం అని నేను నమ్ముతున్నాను. నీళ్ళు తెస్తామని చెప్పడానికి ఎందరో ఉన్నారు, వారిలో నిజంగా తెచ్చినవారికి నేను చేతులెత్తి మొక్కుతాను. రావని చెప్పే మనిషి మాత్రం ఈ మొత్తం ఏర్పాటులో ఎక్కడా కనబడడు. అలాంటి బాధ్యత ఎవరి ఉద్యోగపు కాగితంలోనూ రాసి లేదు.

ఎంత, ఎప్పుడు

సెప్టెంబరు దాటితే మన జిల్లా పత్రికల్లో రోజూ కనబడే వార్త సోమశిల జలాశయంలో ఎన్ని టీఎంసీలు, కండలేరు జలాశయంలో ఎన్ని అన్నది. ఒకటి 78, రెండోది 68 టీఎంసీలు పడుతుందని టీ కొట్టు దగ్గర కూర్చున్న పెద్దాయన కూడా చెబుతాడు. ఆ అంకెలు పెరిగితే ఊరట, తరిగితే దిగులు. కానీ ఒక టీఎంసీ అంటే పొలంలో ఏమిటన్నది మేము విడమరచి చెప్పము. వంద కోట్ల ఘనపుటడుగుల ఆ నీటిని అడుగు లోతున పరిస్తే దాదాపు 23 వేల ఎకరాలు తడుస్తుంది. వరికి దమ్ము మొదలు కోతకు ముందు ఆరగట్టేదాకా రమారమి నాలుగడుగుల నీరు కావాలి. అంటే వాన సాయం లేని ఏడాది, పొలం గట్టు దాకా చుక్క పోకుండా చేరిన ఒక టీఎంసీ ఆరు వేల ఎకరాలకు కూడా చాలదు. దారిలో ఆవిరి, ఊట, గండ్లు, పై రైతులు భయంతో ఎక్కువగా పెట్టుకునే నీరు పోగా ఎంత చేరుతుందన్నది కాలువను బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది.

దీనికన్నా ముఖ్యమైన లెక్క ఇంకొకటి ఉంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితేనే ఒక టీఎంసీ. 500 క్యూసెక్కులు మోసే కాలువకు ఒక టీఎంసీ దించడానికి 23 రోజులు కావాలి. జలాశయం నిండుగా ఉన్నా కాలువ గొంతు ఇరుకైతే చివరి పొలానికి నీరు ఆలస్యంగానే వస్తుంది, ఆలస్యమైన నీటితో వరి పండదు. రైతుకు కావలసింది తేదీ. మేము ఇచ్చేది పరిమాణం. అక్టోబరులో సాగునీటి సలహా మండలి సమావేశం జరుగుతుంది, ఎన్ని లక్షల ఎకరాలకు నీరిస్తారో తీర్మానమవుతుంది, జలాశయం నుంచి ఏ రోజు వదులుతారో ప్రకటన వస్తుంది. వదిలిన నీరు ఫలానా తూముకు ఏ రోజుకు చేరుతుంది, అసలు చేరుతుందా అన్నది ఆ కాగితాల్లో నేను ఏనాడూ చూడలేదు.

చెన్నై నగరానికి మనం ఇచ్చిన మాటలో మాత్రం తేదీలున్నాయి. 1983 నాటి తెలుగుగంగ ఒప్పందం ఏడాదికి 12 టీఎంసీలు అని చెప్పి ఊరుకోలేదు. జూలై, అక్టోబరు మధ్య 8, జనవరి, ఏప్రిల్ మధ్య 4 టీఎంసీలు సరిహద్దు దగ్గర అందించాలని విడదీసి రాసింది. ఆ 12 టీఎంసీలు నిండుగా అందడం చాలా అరుదు, అది వేరే సంగతి. కానీ ఏ నెలలో ఎంత తక్కువైందో నగరం వేలుపెట్టి చూపగలుగుతోంది, తక్కువ పడుతుందని ముందే తెలిస్తే వేరే ఏర్పాట్లు చూసుకోగలుగుతోంది. మన కాలువ చివరి రైతుకు ఆ పాటి కాగితం కూడా లేదు. తేదీ లేని మాట తప్పిందని ఎవరూ నిరూపించలేరు. తేదీ ఇవ్వడానికి మాలో చాలామంది వెనుకాడేది అందుకేనేమోనని నాకు అనుమానం.

ముదురు నారు

మా ఊరు విడవలూరు వైపు, సముద్రపు గాలి ఉప్పగా తగిలే చోట, కాలువకు కొసన ఉంటుంది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక ఏడు మా నాయన తొలి వానకే నారు పోశాడు. కాలువకు నీరు వదిలారని రేడియోలో విన్నాము. నారు పెరుగుతోంది, నీరు మా తూము దాకా రావడం లేదు. నాయన ప్రతి తెల్లవారుజామున పార భుజాన వేసుకుని తూము దగ్గరికి వెళ్ళేవాడు. తూము నోట్లో ఒక వెదురు పుల్ల గుచ్చి, దాని మీద బ్లేడుతో గాట్లు పెట్టాడు. తడి ఏ గాటు దాకా ఉందో చూసి వచ్చి, గోడకు తగిలించిన క్యాలెండరులో ఆ రోజు గడిలో పెన్సిలుతో అంకె వేసేవాడు. చాలా గళ్ళలో సున్న. కొన్నిటిలో ఒకటి. ఒక రాత్రి పై తూము దగ్గర గొడవైందని, నీటి వంతులు చూసే నీరుగంటిని ఎవరో తోసేశారని విని అమ్మ నాయనను బయటికి పోనివ్వలేదు.

నెల తిరిగేలోగా నాటవలసిన నారు యాభై రెండు రోజులకు నాటాము. ముదురు నారు పిలకలు వేయదు. ఎకరాకు మూడు పుట్లకు దగ్గరగా పండే పొలంలో ఆ ఏడు ఒక పుట్టి రాలేదు. (మా జిల్లాలో పుట్టి అంటే 850 కిలోలు.) కళ్ళంలో కుప్ప చూసి నాయన అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “నీళ్ళు లేకపోతే లేవు, దాన్దేముంది. రావని ఎవురన్నా చెప్పుంటే మినుములు చల్లుకునుందుము గదా.”

ఆయన కోపం నీరు రానందుకు కాదు. వస్తుందన్న ఆశ మీద యాభై రెండు రోజులు నిలబెట్టినందుకు. పైనున్న ఎవరో ఒకరికి, కనీసం పదిహేనో రోజుకైనా, ఈ నీరు ఇంత దూరం రాదని తెలిసే ఉంటుంది. ఆ తెలిసిన మనిషి చెప్పలేదు. నేను చదువుకుని ఆ తెలిసిన మనిషి కూర్చునే కుర్చీలోనే కూర్చున్నాను. కూర్చున్నాక అతను ఎందుకు చెప్పలేదో నాకూ అర్థమైంది.

ఎందుకు నోరు రాదు

వస్తుందని చెప్పి రాకపోతే కారణాలకు కొదవ లేదు. వాన పడలేదు, పైవాళ్ళు గండి కొట్టారు, షట్టరు ఇరుక్కుంది, గుర్రపుడెక్క అడ్డుపడింది. అందులో ప్రతిదీ చాలావరకు నిజం కూడా. రాదని చెప్పాక వస్తే మాత్రం చెప్పిన మనిషి ఒక్కరే తప్పు. నేను చేరిన కొత్తలో ఒక సమీక్షలో, ఒక పాయ కింద చివరి మూడు తూములకు జనవరి లోపు నీరు అందదని లెక్కలతో చూపించాను. పై అధికారి కాగితం చదివి, మడిచి నాకే తిరిగి ఇచ్చి, “నీ లెక్క తప్పని అనను. కానీ ఇది బయటికి పోతే రేపు ఉదయానికి రోడ్డు మీద బైఠాయిస్తారు” అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. ఆ రాత్రి ఆయన పది గంటల దాకా కాలువ గట్టు మీద తిరిగి, రెండు దొంగ తూములు తన చేతుల మీదుగా మూయించారు. జనవరి లోపు నీరు రాలేదు.

ఇక ఆకాశం సంగతి. మన ప్రాంతంలో ఈ మాట చెప్పడం కృష్ణా, గోదావరి డెల్టాల కన్నా కష్టం. నెల్లూరుకు ముఖ్యమైన వాన ఈశాన్య రుతుపవనాలది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నిర్ణయం తీసుకోవలసిన రోజుకు ఏడాది వానలో పెద్ద భాగం ఇంకా కురవలేదు. ఒక్క వాయుగుండం లెక్కనంతా తలకిందులు చేస్తుంది. 2015లో నేను పనిచేస్తున్న చోట అక్టోబరు నాటికి చెరువుల్లో పశువులు మేస్తున్నాయి. ఒక చెరువు కింద రైతులు అడిగితే, ఈసారి వరి వద్దని నచ్చజెప్పాను. నవంబరులో కురిసిన వానలు ఇక్కడివాళ్ళు ఎవరూ మరిచిపోలేరు. ఆ చెరువు నిండి, అదనపు నీరు పొర్లిపోయే కలుజు వారం రోజులు పారింది. వద్దన్న పొలాల్లో మోకాలి లోతు నీరు నిలిచింది, ముందే చల్లిన మినుము కుళ్ళిపోయింది. నా మాట వినకుండా నారు పోసినవాళ్ళకు కూడా ఆ ముంపులో నష్టమే జరిగింది కానీ, వాళ్ళు మళ్ళీ పోసి నాటుకోగలిగారు. నా మాట విన్న ఒక రైతు ఆ తర్వాత చాలాకాలం నేను ఎదురుపడితే పక్కకు చూసి వెళ్ళిపోయేవాడు. ఆ చూపు తప్పించడం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

2021 నవంబరు మరొక పాఠం. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, సోమశిల దిగువన పెన్న ఒడ్డు ఊళ్ళు మునిగాయి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. లేదని చెప్పడం ఎంత కష్టమో, ఎక్కువై మీదికి వస్తుందని చెప్పడం అంతకన్నా కష్టమని ఆ వారంలో తెలిసింది. అక్కడ గడువు నెలల్లో ఉండదు, గంటల్లో ఉంటుంది.

ఇన్ని తెలిసీ రావని చెప్పాలని ఎలా అంటావు అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. 2015 తర్వాత నేను ఆ మాట మానలేదు, చెప్పే తీరు మార్చాను. “రావు” అని ఊరుకోకుండా, “ఇలాంటి అక్టోబరు వచ్చిన పదేళ్ళలో మూడేళ్ళు మీ తూముకు సకాలంలో నీరు చేరింది, ఏడేళ్ళు చేరలేదు” అని చెప్పడం మొదలుపెట్టాను. చదువు లేనివాళ్ళకు ఇలాంటి లెక్క ఎక్కదని మాలో చాలామంది అంటారు. కార్తెలు చూసి, గాలి వాలు చూసి, ఏటా పంట మీద పందెం కాసే మనిషికి అవకాశాల లెక్క నేర్పవలసింది ఏముంది? ఒక ముసలాయన నా మాట విని, వేళ్ళు మడిచి, “పదింట మూడంటే నాకు కౌలు గూడా రాదు తల్లీ. ఎద్దులాంటి కొడుకులిద్దరున్నోడు దిగతాడు, నేను దిగను” అన్నాడు. నీటి నిపుణులు ఆ ఊళ్ళో చేయవలసిన పని అంతే. దిగాలో వద్దో తేల్చుకోవలసింది ఆయన. తేల్చుకోవడానికి కావలసిన ఒక్క అంకె ఆయన చేతికి అందాలి.

ఆ ముసలాయన మాటలోని కౌలు నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. నాకు తెలిసిన ఊళ్ళలో కౌలు మాటలు వేసవిలోనే అయిపోతాయి. అక్టోబరులో నేను చెప్పే “రావు” సొంత పొలం ఉన్నవాడికి అందినట్టు కౌలుదారుకు అందదు. అతను అప్పటికే పుట్ల లెక్కన మాట ఇచ్చేసి ఉంటాడు. నీరు రాదని తెలిసినా మాట నిలుపుకోవడానికి వరి వేయక తప్పని మనుషులను చూశాను. ఈ చిక్కు నీటి లెక్కతో తీరదు. నీరు రాని ఏడాదికి కౌలు తగ్గించుకునే షరతు ముందే ఉండాలి, దానికి నీరు రాలేదని ధ్రువీకరించే కాగితం ఒకటి ఉండాలి. ఆ కాగితం ఇవ్వగలిగినవాళ్ళు మళ్ళీ మేమే.

మెట్టలో

కాలువ లేనిచోట ఈ మాట ఇంకా బరువుగా ఉంటుంది. ప్రకాశం పడమటి మెట్టలో, కనిగిరి, పామూరు వైపు కొన్నేళ్ళు భూగర్భజలాల పని చేశాను. అక్కడి నేల కింద గట్టి రాయి. పైన పొడిబారిన రాతిపొరలో, కింద పగుళ్ళలో దొరికినంతే నీరు. నాలుగు బోర్లు వేసి నాలుగూ ఎండిపోయిన ఒక బత్తాయి రైతు ఐదోదానికి చోటు చూపమని వచ్చాడు. పరికరాలు పెట్టి రెండు రోజులు చూశాను. ఈ ఐదెకరాల్లో ఇక వేయవద్దని చెప్పాను. ఆయన నమస్కారం పెట్టి వెళ్ళి, అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి నీళ్ళు చూసే మనిషిని పిలిపించుకున్నాడు. ఏడు వందల అడుగులు దింపారు. అంగుళంన్నర నీళ్ళు పడ్డాయి. ఆ సాయంత్రం ఆయన నా దగ్గరికి వచ్చి, గొప్పకు కాదు, ఆ సంతోషం పంచుకోవడానికే, సీసాలో ఆ నీరు తెచ్చి చూపించాడు.

రెండు వేసవులు గడిచాక ఆ బోరులో దుమ్ము లేచింది. చెట్లు నరికి వంటచెరకుకు అమ్మాడు. అప్పుడు వెళ్ళి కలిస్తే ఆయన అన్నది నేను ఊహించని మాట: “ఆ రెండు కాపులతోనే మా పాపను నర్సింగు చదివించాను మేడం. మీరు చెప్పినట్టు ఆగుంటే అది గూడా ఉండేది కాదు.” నేను ఏమీ అనలేకపోయాను. నా లెక్క తప్పు కాదు. ఆయన నిర్ణయమూ తప్పు కాదు. కానీ ఆ రెండేళ్ళలోనే గట్టుకు అవతల ఉన్న కంది రైతు పాత బోరు అడుగంటింది. ఆ సంగతి బత్తాయి రైతు లెక్కలో లేదు, కొబ్బరికాయ మనిషి లెక్కలో అసలే లేదు. రాయి కింద నీరు అందరిదీ ఒకటే సంచి. ఒకరికి “వద్దు” అని చెప్పవలసి రావడం ఆ ఒక్కరి కోసం కాదు, పక్కవాడి కోసం. ఇంతకాలానికి నాకు దొరికిన సమాధానం ఇదే. దీన్ని ఆయన ముఖం చూస్తూ చెప్పే ధైర్యం మాత్రం ఆ రోజు రాలేదు.

ఈ పని నిపుణులు కాకుండా రైతులే తమకు తాము చేసుకున్న రోజులు కొన్ని మన దగ్గర ఉన్నాయి. 2003 నుంచి 2009 దాకా ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో, రైతులే భూగర్భజలాలను నిర్వహించుకునే పథకం ప్రకాశంతో కలిపి ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు జిల్లాల్లో నడిచింది. ఊరివాళ్ళే బోర్లలో మట్టం కొలిచేవారు, వాన కొలిచేవారు, రబీకి ముందు అందరూ కూర్చుని ఉన్న నీరెంత, వేయాలనుకుంటున్న పంటలకు కావలసిందెంత అని గోడ మీద పట్టిక వేసుకునేవారు. వరి వేయవద్దని ఎవరూ ఆజ్ఞాపించలేదు. లోటు ఎంతో అందరి ఎదుట కనబడేది, ఎవరి నిర్ణయం వాళ్ళది. చాలామంది తక్కువ నీటితో పండే ఆరుతడి పంటలకు మారారు. నేను ఆ వైపు వెళ్ళేనాటికి పథకం ముగిసి కొన్నేళ్ళైంది. ఒక ఊళ్ళో బడి గోడ మీద ఆ పట్టిక సగం వెలిసి ఉంది. “కావలసిన నీరు” అన్న గడి మిగిలింది, “ఉన్న నీరు” అన్న గడి సున్నం పెచ్చుతో పాటు ఊడిపోయింది. అప్పట్లో మట్టాలు కొలిచిన ఒకాయనను కలిస్తే, టేపు ఇంకా ఇంట్లోనే ఉందని, అడిగేవాళ్ళు లేక కొలవడం మానేశానని చెప్పాడు. నీటి లెక్క ఒకసారి నేర్పి వెళ్ళిపోయే విద్య కాదు. ఏటా ఎవరో ఒకరు అడగాలి, ఏటా ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

తాగునీటి దగ్గర నా వాదానికి ఒక గట్టి దెబ్బ తగిలింది. ఈ ప్రాంతాలు ఉమ్మడి నెల్లూరు జిల్లాలో ఉన్న 1937లోనే ఇక్కడి ఫ్లోరోసిస్, నీటిలోని ఫ్లోరైడు ఎక్కువై ఎముకలకు, పళ్ళకు వచ్చే జబ్బు, వైద్య పత్రికలకు ఎక్కింది. ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు తాగకూడదు. ఒక ఊళ్ళో చేతిపంపు నీటిలో దానికి రెండింతలు పైగా తేలితే, నిబంధన ప్రకారం నేనే దగ్గరుండి ఎర్ర రంగు వేయించాను. మర్నాడు అదే పంపు దగ్గర బిందెలు వరుసలో ఉన్నాయి. ట్యాంకరు రోజు మార్చి రోజు వస్తుంది. “రంగేసి పోయినారు సరే, తాగేదేంది?” అని ఒకామె పంపు కొడుతూనే అడిగింది. మరి ఏం చేయాలో చెప్పని “వద్దు” ఎంత నిరుపయోగమో ఆమె ఒక్క వాక్యంలో తేల్చేసింది. ఆ రోజు నుంచి “రావు”, “వద్దు” అనే ముందు, తర్వాతి ప్రశ్నకు నా దగ్గర ఏదో ఒక జవాబు ఉందా అని చూసుకుంటున్నాను.

మెట్టలో ఇంకొక ఇబ్బంది ఆశ. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు పేరు వినని ఇల్లు ఆ వైపు లేదు. నల్లమల కింద ఒక్కొక్కటి దాదాపు 18.8 కిలోమీటర్ల పొడవున్న జంట సొరంగాలను 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. శ్రీశైలం వరద రోజుల్లో 43.5 టీఎంసీలు మళ్ళించాలన్నది సంకల్పం. ఆ నీరు రావాలని నాకన్నా గట్టిగా కోరుకునేవాళ్ళు తక్కువ. కానీ “ఇంకో రెండేళ్ళే గదా, అప్పటిదాకా బోరుతో నెట్టుకొద్దాం” అని తోట పెట్టినవాళ్ళను మూడు విడతలుగా చూశాను. ఆశను కాదనకుండా, దానికి తేదీ లేనంతవరకు దాని మీద చెట్టు నాటవద్దని చెప్పడం ఎలాగో నాకు ఇంకా చేతకాలేదు.

ఎవరికి చెబుతున్నాం

నా వాదంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. రావన్న మాట ఎప్పుడూ కొసనున్నవాడికే చెబుతున్నాం. జలాశయం కింద మొదటి తూము రైతుకు “ఈసారి సగం పొలంలోనే వరి” అని ఎవరమూ చెప్పలేదు. అతనికి అది చెబితే కొసనున్నవాడికి రావన్న మాట చెప్పే అవసరమే చాలా ఏళ్ళలో ఉండదు. ముందే చెప్పడం మంచిదని నేను గొప్పగా చెప్పుకుంటున్న పని, అన్యాయమైన పంపకానికి మర్యాదైన ముసుగు అవుతుందా? అవుతుంది, అక్కడితో ఆగితే. అందుకే లెక్క కాలువ పొడుగునా చెప్పాలంటాను. మొదటి తూము రైతు కూడా దుర్మార్గుడేమీ కాదు. వచ్చే వారం నీరు ఉంటుందో లేదో తెలియకే ఈ వారం రెండింతలు పెట్టుకుంటాడు. అతనికి తేదీ నమ్మకంగా తెలిస్తే షట్టరు దించడానికి అంతగా మొండికేయడని నేను రెండు పాయల మీద కళ్ళారా చూశాను. మూడో పాయ మీద అది జరగలేదు.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, అతనికే భవదూరుడని పేరు, వేయించినది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అందులో చెప్పారు. అంగాల్లో ఒకటి నీటి శాస్త్రం తెలిసిన మనిషి ఉండటం. దోషాల్లో ఒకటి, నీరు కొంచెమై తడపవలసిన నేల ఎక్కువ కావడం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడల్లా నాకు మా ఉద్యోగం ఆ రాతిలోనే నిర్ణయమై ఉన్నట్టు అనిపిస్తుంది. నీటికి మించిన ఆయకట్టును వాళ్ళు దోషం అన్నారు. మనం దానికి కొత్త ఆయకట్టు అని పేరు పెట్టి శిలాఫలకం వేస్తున్నాం. దోషాన్ని దోషమని చెప్పడానికే ఆ శాస్త్రం తెలిసిన మనిషిని అంగాల్లో చేర్చారని నా నమ్మకం.

1997 చట్టంతో వచ్చిన నీటి వినియోగదారుల సంఘాలకు చాలా ఏళ్ళ తర్వాత 2024 డిసెంబరులో మళ్ళీ ఎన్నికలు జరిగాయి. ఆ సంఘాలకు పూడిక తీసే పనులు ఎన్ని వస్తాయన్న చర్చే ఎక్కువగా వింటున్నాను. ప్రతి తూము గోడ మీద ఒక తేదీ, ఆ తేదీకి నీరు చేరే అవకాశం, చెప్పినవారి పేరు రాసే పని కూడా వాటికి అప్పగించాలని నేను కోరుతున్నాను. లెక్క మేము కట్టి ఇస్తాము. తప్పితే సంజాయిషీ కూడా మేమే ఇస్తాము.

ఆ అక్టోబరు

ఆ చివరి తూము కింద రైతులకు చెప్పడానికి ముందు, పైన కాలువ చీలేచోట పదకొండు రోజులు ఉదయం, సాయంత్రం మట్టం చూశాను. పాయలోకి వస్తున్న నీరు, దారిలో తొమ్మిది తూములు, వాటి కింద అప్పటికే దమ్ము మొదలైన మళ్ళు, అన్నీ కాలువ షట్టర్లు చూసుకునే లస్కరుకు కంఠతా వచ్చు. అతను చెబుతుంటే నేను కాగితం మీద వేశాను. ఎన్ని విధాల కట్టినా చివరి తూముకు డిసెంబరు నెలాఖరుకు ముందు నిలకడైన నీరు తేలలేదు. లస్కరు నా కాగితం వంక చూడకుండానే, “నాకు పదేండ్లుగా తెలుసు మేడం, నన్నెవురూ అడగలా” అన్నాడు.

మర్నాడు తూము పక్కన వేపచెట్టు కింద ముప్ఫై మంది దాకా చేరారు. చెప్పాను. పదింట రెండేళ్ళు అని కూడా చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నారుకు వడ్లు నానబెట్టి వచ్చిన ఒక కుర్రవాడు లేచి విసురుగా వెళ్ళిపోయాడు. ఇంకొకతను, “నోటిమాట గాదు, రాసివ్వండి” అన్నాడు. లస్కరు సైకిలుకు తగిలించిన సంచిలో షట్టర్ల మీద నంబర్లు వేసే నల్ల రంగు డబ్బా, కుంచె ఉన్నాయి. తూము గోడ మీద నేనే రాశాను: ఈ తూము కింద ఈ కారు వరికి నీరు డిసెంబరు నెలాఖరు లోపు చేరదు. కింద తేదీ వేసి, నా పేరు రాశాను. ఆ రాతకు పది రోజుల తర్వాత నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది, దానికి జవాబు కూడా ఇచ్చాను. గోడ మీద రంగు ఆరుతుండగా, ఆ గుంపులో అందరికన్నా పెద్దాయన దగ్గరికి వచ్చి, అక్షరాలను వేలితో తాకకుండా గాలిలోనే కూడబలుక్కుని చదువుకున్నాడు. చదివి నా వైపు తిరిగాడు.

“సరే తల్లీ. మినుము విత్తనాలు ఎవురి కాడుండాయి?”

వ్యవసాయ శాఖలో నాకు తెలిసిన ఒకరి నంబరు కోసం ఫోను తీశాను.